వెండి తీగల మీద బొట్టు

“నువ్వు పొయ్యకు సరితా. నీ చేతులు జూస్కో జెర.”

మా అత్తమ్మ శంకరవ్వ ఆ మాట మెల్లగానే అంది. నలుగురిలో మెల్లగా అనడమే ఆమె దృష్టిలో మర్యాద. కోరుట్లలో మా ఇంటి ముందుగదిలో ఆడబిడ్డ శ్రావణి పీట మీద కొంగు పరుచుకుని కూర్చుంది. పుట్టింటివాళ్లం ఆమెకు ఒడిబియ్యం పోస్తున్నాం. అత్తమ్మ పోసింది, చిన్నత్తమ్మ పోసింది, పక్కింటామె పోసింది. వదినను కాబట్టి నా వంతు రాగానే దోసిలి నిండా పసుపు బియ్యం తీసుకుని వంగాను. అప్పుడు అందామె ఆ మాట. నా పది వేళ్లలో ఏడింటి కొసలు నల్లగా ఉన్నాయి. పచ్చటి బియ్యం మధ్య ఆ నలుపు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించింది. శ్రావణి తల దించుకుంది. నేను దోసిలిని తాంబాళంలోకి వంచేసి, “కూర అడుగు పడ్తదేమో సూసొస్త” అని వంటింట్లోకి వెళ్లిపోయాను.

కూర అడుగంటలేదు. స్టవ్ ఎప్పుడో ఆపేశాను. గట్టు పట్టుకుని నిలబడి ఆలోచించాను. ఆ బియ్యం ఏరింది నేను. పసుపు, నూనె పట్టించి కలిపింది నేను, ఇవే చేతులతో. కలిపేటప్పుడు నల్లగా లేవా ఇవి? ముప్పై మందికి బగారన్నం వండేటప్పుడు, ఆకులు వేసేటప్పుడు, తీసేటప్పుడు లేవా? అత్తమ్మ నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. తంబాకు పట్టి పట్టి ఆమె వేళ్లు ముదురు గోధుమ రంగుకు తిరిగాయి, ఎంత కడిగినా పోవు. ఆ వేళ్లతోనే మొదటి దోసిలి పోసింది. ఆమెది కష్టం చేసిన చెయ్యి, నాది దోషం పట్టిన చెయ్యి. ఆ మాట అడిగేద్దామనిపించింది. అడగలేదు. అడగకుండా ఉండటంలో నాకు పన్నెండేళ్ల అనుభవం ఉంది.

నా చేతులది మసి కాదు. సిల్వర్ నైట్రేట్ అనే వెండి లవణం మరక. నీళ్లలాగే ఉంటుంది, చర్మానికి తగిలినప్పుడు తెలియదు. వెలుతురు పడిన కొద్దీ నల్లబడుతుంది. పై చర్మం ఊడి కొత్తది వచ్చేదాకా పోదు. గ్లౌజులు వేసుకుంటే తగలదు. జగిత్యాల కాలేజీలో నేను పీహెచ్‌డీ చేసే ల్యాబ్‌లో గ్లౌజులు ఉన్నాయి, రెండు సైజులు. ఒకటి పెద్దది, ఇంకోటి మరీ పెద్దది. అవి వేసుకుంటే ప్రతి వేలి చివరా అంగుళం రబ్బరు ఖాళీగా వేలాడుతుంది. దానితో సన్న గాజు గొట్టం పట్టుకుని చుక్కలు లెక్కపెట్టమంటే ఎలా? రెండుసార్లు సీసా జారి పగిలింది. చిన్న సైజు తెప్పించమని నాలుగేళ్లలో ఐదుసార్లు రాసిచ్చాను. “నీ ఒక్కదానికోసం సపరేట్ ఇండెంట్ ఎట్ల పెడ్తమమ్మా” అన్నారు మా గైడు వెంకటేశం సార్. అందుకని ఉత్త చేతులతోనే చేస్తున్నాను.

ఆ రోజు భోజనాల దగ్గర మా ఆయన దేవేందర్ వాళ్ల బావకు చెబుతున్నాడు. “మా ఆమె నాలుగేండ్ల సంది వెండి పనే చేస్తది బావా. గని ఇంట్లకు ఒక్క పట్టగొలుసు రాలె.” అందరూ నవ్వారు. బావ చేతి నుంచి పెరుగన్నం జారేంత నవ్వాడు. మా ఆయన మల్లాపూర్ దగ్గర బడిలో టీచరు, నలుగురిని నవ్వించడం ఆయనకు ఇష్టం. పెరుగు వడ్డిస్తూ నేనూ నవ్వాను. నవ్వకపోతే మొహం మాడ్చుకుంది అంటారు.

నిజానికి నేను చేసేది వెండి పనే. ఇళ్ల మీద పెట్టే సోలార్ పలకలు బరువుగా, గాజుతో ఉంటాయి కదా. అలా కాకుండా ఫిల్మ్ అనే పల్చటి ప్లాస్టిక్ కాగితం మీద పూతలు పూసి, చుట్ట చుట్టి సంచిలో వేసుకునే సోలార్ సెల్ తయారు చేయాలన్నది మా పని. దాని పైపొర వెలుతురును లోపలికి పోనివ్వాలి, అదే పొర లోపలి కరెంటును బయటికి మొయ్యాలి. మామూలుగా వాడే పూత వంచితే చిట్లిపోతుంది. అందుకే వెండిని వెంట్రుకలో వెయ్యోవంతు సన్నటి తీగలుగా పెంచి, వాటిని ప్లాస్టిక్ మీద అడ్డదిడ్డంగా పరిస్తే, కంటికి ఏమీ కనిపించదు, వంచినా కరెంటు ఆగదు. ఆ తీగలు పెరగాలంటే కాగే ద్రావణంలో మూడు గంటలపాటు చుక్క తర్వాత చుక్క వెయ్యాలి. పక్కకు తిరగకూడదు. ఆ మూడు గంటల్లోనే ఇంటి నుంచి నాలుగు ఫోన్లు. గ్యాస్ బుక్కు ఏడ పెట్టినవ్, శ్రీజకు బెల్టు దొరుకుత లేదు, పాలాయన అచ్చిండు, పప్పుల ఏ పోపు ఎయ్యాలె. శ్రీజ మా బిడ్డ, నాలుగో తరగతి. బెల్టు ఎప్పుడూ తలుపు వెనక మేకుకే ఉంటుంది.

సిరిసిల్లలో మా అమ్మ దేవవ్వకు మాత్రం ఇదంతా ఒక్కసారి చెబితే అర్థమైంది. ఆమె ముప్పై ఏళ్లుగా సాంచెల, అంటే మరమగ్గాల, షెడ్డులో కండెలు చుడుతుంది. నూలు పోగులు ఆమె వేళ్ల మీదుగానే మగ్గాలకు పోతాయి. “పోగు మీద పోగు పడ్డంక ఒకటి తెగితేంది బిడ్డా, కరెంటు ఇంకోదాని మీదికెల్లి పోతది గదా” అంది. రెండేళ్లు పుస్తకాలు చదివి నేను తెలుసుకున్న ముచ్చట అది. మా ఆయనను ఎవరైనా అడిగితే ఇప్పటికీ “సోలార్ల ఏదో” అంటాడు.

ఒడిబియ్యం అయిన తర్వాతి గురువారం మా కాలేజీకి హైదరాబాదు నుంచి కమిటీ రావాలి. ముగ్గురు పెద్దమనుషులు. మా ఫిల్మ్ వాళ్ల కళ్ల ముందు పనిచేస్తే ల్యాబ్ ఇంకో మూడేళ్లు నడుస్తుంది, నా థీసిస్ నిలబడుతుంది. లేకపోతే ఆ గదికి తాళం, నా నాలుగేళ్లు గంగలో కలిసినట్టే. నాకు ముప్పై ఐదు. మళ్లీ మొదలుపెట్టనిచ్చే ఇల్లు కాదు మాది.

సోమవారం పొద్దున జగిత్యాలలో బస్సు దిగి ల్యాబ్‌కు వెళ్లేసరికి సార్ పనులు పంచుతున్నారు. “ప్రజెంటేషన్ రమేశ్ ఇస్తడు” అన్నారు. రమేశ్ నాకంటే రెండేళ్లు వెనక చేరిన అబ్బాయి. వెండి తీగల పని అతను ఒక్కసారీ చేయలేదు, కొలతలు చూస్తాడు. నేను సార్ మొహంలోకి చూశాను. “నువ్వు నాలుగింటికే బస్సు బస్సు అంటవ్. వాళ్లు రెండు గంటలు ప్రశ్నలడిగితే ఉంటవా? మల్ల గా చేతులు పెద్దోళ్ల ముంగట ఏం బాగుంటయ్ చెప్పు. నువ్వు రిసెప్షన్ చూస్కోమ్మా. పూలు, చాయ్, గవన్నీ. నువ్వైతే నీట్‌గ చేస్తవ్.” రమేశ్ మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి, “అక్కా, తీగలు ఎట్ల పెంచిన్రో జెర రాసియ్యరాదుండ్రి, చెప్పుడు గావాలె” అన్నాడు. పాపం, మర్యాద గల పిల్లవాడే. రాసిచ్చాను. తెలియని మాటల పక్కన ఎలా పలకాలో కూడా రాశాను.

గురువారం పట్టుచీర కట్టుకుని రమ్మన్నారు. కట్టుకున్నాను. ఐదింటికి లేచి వంట చేసి, శ్రీజ జడలు వేసి, అత్తమ్మ మందులు గిన్నెలో పెట్టి, ఆ చీర కుచ్చిళ్లు పట్టుకుని బస్సెక్కాను. ల్యాబ్‌లో నైట్రోజన్ నింపిన పెట్టెలో పది ముక్కలు ఉన్నాయి. వాటిలో ఆరో నంబరు నా ప్రాణం. అరచేయంత ఉంటుంది. వెయ్యిసార్లు వంచినా చిన్న లైటును వెలిగిస్తూనే ఉంది, పెట్టెలో మూడు నెలల నుంచి చెక్కుచెదరలేదు. లోపలి పొరలకు తడి పడదు కాబట్టి పైన ఇంకో పల్చటి కవచం అంటించాలి. ఆ అంటించే జిగురు సమయానికి రాలేదు. ఒక అంచున వైర్లు తగిలించే చోట మందపాటి వెండి పూత బయటికే ఉంది. ఎండలాంటి వెలుగిచ్చే దీపం కింద గంటసేపు చూపించి మళ్లీ పెట్టెలో పెట్టేస్తే ఏం కాదు. నేను లెక్క వేసుకునే బయటికి తీసి బల్ల మీద ఉంచాను.

అటెండరు పెంటయ్య పళ్లెంలో పూలు, అగరుబత్తి, గిన్నెలో నీళ్లతో తడిపిన కుంకుమ తెచ్చాడు. మా కాలేజీలో కొత్త ప్రొజెక్టరు వచ్చినా, కాలేజీ బస్సు వచ్చినా, బోరు మోటారు మార్చినా బొట్టు పెట్టకుండా ముట్టరు.

“సరితా, నువ్వు పెట్టమ్మా” అన్నారు సార్. “ఆడపిల్లవు, లక్ష్మివి. నీది మంచి చెయ్యి. మొగోళ్లం మేం పెడ్తే ఏం కళ ఉంటది?”

“సార్, దీనికి తడి తగలద్దు. గా నైట్రోజన్ డబ్బాకు పెడ్త” అన్నాను.

“డబ్బాకు పెడ్తే డబ్బానే మంచిగుంటది” అని ఆయన నవ్వారు. అందరూ నవ్వారు. “మూలకు సిన్నగ పెట్టు. గంతదానికే ఏమైతదమ్మా? దేవుని పని.”

రమేశ్ ఫొటో తీయడానికి ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. నాకు తెలుసు. ఆ గదిలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. తడి ఆ అంచులోంచి లోపలికి పాకుతుందని, లోపలి పొర నీళ్లు తాకితే చస్తుందని, కుంకుమలో కలిపేవి వెండికి పడవని తెలుసు. ఆదివారం పసుపు బియ్యానికి పనికిరాని ఈ చెయ్యి గురువారానికి లక్ష్మి చెయ్యి ఎలా అయిందో కూడా ఒక పక్క ఆలోచిస్తూనే ఉన్నాను. నలుపు అంతే ఉంది. అయినా నా వేలు గిన్నెలోకి వెళ్లింది. మూలకు, చిన్నగా, గుండ్రంగా పెట్టాను. సార్ చప్పట్లు కొట్టారు. ఫొటో బాగా వచ్చిందన్నారు.

ఎందుకు పెట్టానో ఆ తర్వాత నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. భయమనుకున్నాను. మొహమాటమనుకున్నాను.

కమిటీ గంట ఆలస్యంగా వచ్చింది. గుమ్మంలో పూలు ఇచ్చాను, మంచినీళ్లు ఇచ్చాను, చాయ్ అందించాను. గోడ పక్కన పళ్లెం పట్టుకుని నిలబడి రమేశ్ గొంతులో నా వాక్యాలు విన్నాను. బాగానే చెప్పాడు. దీపం వేశాడు, వైర్లు తగిలించాడు. లైటు వెలగలేదు. వైరు తీసి మళ్లీ పెట్టాడు. వంచాడు. వెలగలేదు. నేను నిలబడ్డ చోటి నుంచే కనిపిస్తోంది, బొట్టు చుట్టూ వెండి మెరుపు చచ్చి బూడిద రంగు అయింది. ఎర్రటి చెమ్మ దారంలా లోపలికి పోయింది. 

“ఎవరు తయారుచేశారు దీన్ని?” అని ఆ పెద్దమనుషుల్లో ఒకాయన అడిగారు.

సార్ వేలు, రమేశ్ చూపు, పెంటయ్య తల, అన్నీ నా వైపు తిరిగాయి. పొద్దుటి నుంచి ఆ ఫిల్మ్ ల్యాబ్‌ది, కాలేజీది, సార్‌ది. ఆ నిమిషంలో నాది అయింది.

“సార్, పెట్టెల ఇంకా తొమ్మిదున్నయి. ఒకటి తీస్త” అన్నాను. “లంచ్ తర్వాత చూద్దాంలేమ్మా” అన్నారు వెంకటేశం సార్. లంచ్ తర్వాత వాళ్లకు ఇంకో కాలేజీకి టైమైంది. కారు ఎక్కుతూ, సోమవారంలోగా కారణం రాసి పంపండి, ఆ తర్వాత నిర్ణయిస్తాం అని ఒక ఫారం ఇచ్చిపోయారు.

శనివారం సార్ ఆ ఫారాన్ని టైపు చేయించి నా ముందు పెట్టారు. తయారుచేసినవారు అన్నచోట నా పేరు, ఇంటిపేరుతో సహా, అందరికంటే పైన. నాలుగేళ్లలో మా ల్యాబ్ నుంచి రెండు పేపర్లు వచ్చాయి, రెండింట్లోనూ నా పేరు మూడోది. మొదటిసారి మొదటి స్థానం దొరికింది. కింద కారణం: తయారీలో లోపం, వెండి తీగల పొర మామూలు గాలిలోని తేమకు కూడా నిలవలేదు.

“సార్, అది బొట్టు తడికి పోయింది. గాలికి కాదు.”

“గది రాస్తే నవ్వుతరమ్మా. కాలేజీ పరువు పోతది. నువ్వు సంతకం పెట్టు. నీ థీసిస్‌కు వేరే టాపిక్ చూద్దాం. రెండేండ్లు ఎక్కువైతది, గంతే గదా.”

సంతకం పెడితే ఈ తీగలు పనికిరావని నేనే చెప్పినట్టు. పెట్టెలో మూడు నెలలు వెలిగిన లైటు అబద్ధం, వెయ్యి వంపులు అబద్ధం. కమిటీ ల్యాబ్ మూసేస్తుంది, అందులో తప్పేమీ ఉండదు. ఇంటికి తీసుకెళ్లి ఆలోచిస్తానని ఫారం సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. మేడిపల్లి దాటేదాకా ఏడ్చాను. పక్క సీటామె ఏమైందని అడగలేదు, నీళ్ల సీసా మాత్రం ఇచ్చింది.

ఇంట్లో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. “సంతకమే గదా, పెట్టి పారేయ్” అన్నాడు మా ఆయన, రిమోట్ కోసం వెతుకుతూ. “గీ బస్సుల తిరుగుడన్న తప్పుతది. అమ్మకు గుడ చాతనైత లేదు. బిడ్డ సదువు నువ్వు సూస్కోవచ్చు.” ఆయన గొంతులో కోపం లేదు, తిట్టు లేదు. ఒక రకమైన నిమ్మళం ఉంది. ఎన్నాళ్లుగానో వానకోసం చూసినవాడి మొహం. అత్తమ్మ చాటలోంచి తల ఎత్తింది. “నేను అప్పుడే అన్న. గా చేతులతోని ఏది ముట్టుకున్నా గట్లనే అయితది.” నేను పెట్టింది బొట్టు, పోయింది నా పని, వీళ్లకు దొరికింది కారణం. ఆ రాత్రి గిన్నెలు తోముతూ ఒక గ్లాసును కావాలనే గట్టిగా పడేశాను. స్టీలుది, సొట్ట పడింది. కొంచెం హాయిగా అనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం అమ్మకు ఫోన్ చేశాను. షెడ్డుకు సెలవు, ఇంట్లోనే ఉంది. అంతా వింది. మధ్యలో ముక్కు చీదింది.

“నేను కొత్తగ పనిల చేరినప్పుడు” అంది చివరికి, “ఒక దినం సాంచె మీద పోగులు సర్రున తెగినయ్ బిడ్డా. గది నడిపెటోడు సూస్కోలె, వాని తప్పు. ఆసామి అచ్చి ఎవలు చేసిన్రని కేకలేసిండు. వానికి ఇద్దరు పిల్లలు, పని పోతదని నేనే అన్న. నా కండె మంచిగ చుట్టలేదన్న. గంతే. గా దినం సంది గా షెడ్డుల ఎక్కడ పోగు తెగినా నా కండెనే అన్నరు. ముప్పై ఏండ్లు. కూలి పెంచుమని అడగవోతే, నీ కండెల సంగతి మాకు ఎర్కే గదనే అన్నరు.”

“గది నాకు ఎన్నడు చెప్పలేదు గదనే అమ్మా.”

“ఏం చెప్పాల్నే, చెప్తె ఏమొస్తది? ఇంటున్నవా? నువ్వు చేసినంత నేను చేసిన్ననే చెప్పు. మందిది మీదేస్కోకు. గని నీది గుడ దాసకు. దాస్తే మంది గదొక్కటే పట్టుకుంటరు.”

సోమవారం పొద్దున బస్సులో సీటు దొరికింది. ఫారం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఫోన్ మోగింది. శ్రీజ బెల్టు దొరకడం లేదట. “తలుపు ఎన్కకు సూడుండ్రి. ఇగ మధ్యాహ్నం దాక ఫోన్ ఎత్తను” అని ఆపేశాను. ల్యాబ్‌లోకి వెళ్లి టైపు చేసిన కారణాన్ని పెన్నుతో అడ్డంగా కొట్టేశాను. ఆఫీసులో ఖాళీ ఫారానికి తీసి ఉంచిన జిరాక్సు కాపీ అడిగి తెచ్చుకున్నాను. సార్ ఇంకా రాలేదు. రమేశ్ వచ్చి నా భుజం మీదుగా చూశాడు. “అక్కా, గట్ల రాస్తున్నరా? సార్ ఊకోడు” అన్నాడు. “నీ ఫోన్ల గా ఫొటో ఉన్నది గదా తమ్మీ, ప్రింటు తీసుకరా. జతచేస్త” అన్నాను.  అతని మొహం ఎర్రబడింది. ఫోన్ తీసి ప్రింటరు దగ్గరికి నడిచాడు. తెస్తాడో లేదో నాకు తెలియదు.

ఫిల్మ్ నంబరు రాశాను. ఎన్నిసార్లు వంచామో, ఎన్ని రోజులు వెలిగిందో రాశాను. తొమ్మిది ముక్కలు పెట్టెలో ఉన్నాయని, ఎవరైనా ఎప్పుడైనా వచ్చి చూడవచ్చని రాశాను. కారణం అన్నచోట, ప్రదర్శనకు ముందు తడి కుంకుమతో బొట్టు పెట్టడం వల్ల అని రాశాను. పెట్టమన్నది ఎవరో రాశాను. పెట్టింది నేనని రాశాను. పాడవుతుందని నాకు ముందే తెలుసని కూడా రాశాను. అక్కడ అక్షరం వంకర పోయింది, కొట్టేసి మళ్లీ రాశాను.

తెలిసి ఎందుకు పెట్టావన్న దానికి ఫారంలో గడి లేదు. కమిటీ అడగని ప్రశ్న అది, జవాబు నాకూ అప్పుడే తెలిసింది. కాగితం వెనక్కి తిప్పి రాశాను: నాది మంచి చెయ్యి అని అంతకుముందు నాతో ఎవరూ అనలేదు.